గీతలన్నీ కలిపినా అక్షరం కాదు

మూడేళ్ల కిందట నాకు అప్పగించిన ఒక పని పైకి చాలా తేలికగా కనిపించింది. యంత్ర పరికరాలకు సంబంధించిన జపనీస్ మాన్యువళ్లు కొన్ని వందలు పీడీఎఫ్ రూపంలో ఉన్నాయి. వాటిలోని పాఠాన్ని బయటికి తీసి, ఎవరు ఏ మాట వెతికినా దొరికేలా సూచిక తయారుచేయాలి. పని ముగిశాక పరీక్ష కోసం నేను మొట్టమొదట వెతికిన మాట ‘నిహోన్’, అంటే జపాన్. దాదాపు ప్రతి మాన్యువల్‌లోనూ కనీసం చిరునామాలోనైనా ఉండే ఆ మాట చాలా ఫైళ్లలో లేనే లేదని కంప్యూటర్ చెప్పింది. ఫైలు తెరిచి చూస్తే పేజీ మీద స్పష్టంగా ఉంది. దాన్నే కాపీ చేసి వెతికితే దొరుకుతోంది, కీబోర్డుతో టైపు చేసి వెతికితే దొరకడం లేదు. రెండు సాయంత్రాలు ఖర్చయ్యాక కారణం తెలిసింది. ఆ మాటలోని మొదటి అక్షరం సూర్యుణ్ణి సూచించేది. నిలువుగా ఉన్న పెట్టెకు మధ్యలో ఒక అడ్డగీత గీసినట్టు ఉంటుంది. ప్రపంచ లిపుల్లోని ఒక్కో అక్షరానికీ కంప్యూటర్ల కోసం ఒక్కో సంఖ్య ఇచ్చే ఏర్పాటు పేరు యూనికోడ్. నేను టైపు చేసిన సూర్యుడి యూనికోడ్ సంఖ్య 26085. పీడీఎఫ్ నుంచి బయటికి వచ్చిన సూర్యుడి సంఖ్య 12103. రెండింటికీ ఫాంటులో ఉన్నది ఒకే బొమ్మ కావడంతో, బొమ్మ నుంచి సంఖ్యకు వెనక్కి వెళ్లేటప్పుడు సాఫ్ట్‌వేర్ తప్పు దారి పట్టింది.

ఈ రెండో సూర్యుడు పొరపాటున పుట్టినవాడు కాడు. చైనాలో 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువు నలభై ఏడు వేల పైచిలుకు అక్షరాలను 214 శీర్షికల కింద సర్దింది. ఒక్కో శీర్షికకు గుర్తుగా నిలిచే భాగాన్నే ఇప్పుడు రాడికల్ అంటున్నాం. ఆ 214 భాగాలకూ 1999లో యూనికోడ్ ప్రత్యేకంగా సంఖ్యలు కేటాయించింది. నిఘంటువు గురించి రాసేవారు ‘ఇది సూర్యుడనే అక్షరం కాదు, సూర్యుడనే శీర్షిక’ అని చెప్పదలిస్తే వాడుకోవడానికి ఉద్దేశించిన సంఖ్యలవి. ఒకే రూపానికి ఇన్ని సంఖ్యలు ఎలా చేరాయో చూడాలంటే, అన్నిటికంటే సులువైన రూపమైన ఒక్క అడ్డగీతను తీసుకోవచ్చు. ‘ఒకటి’ అనే అర్థంతో వాక్యంలో వచ్చే అక్షరంగా దాని సంఖ్య 19968. కాంగ్‌షీ నిఘంటువులోని మొదటి శీర్షికగా 12032. కుంచె ఎడమనుంచి కుడికి కదిలినప్పుడు పడే గీతగా 12752. జపనీస్ కటకనా లిపిలో అచ్చును దీర్ఘంగా పలకాలని చెప్పే గుర్తుగా 12540. కాగితం మీద ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే అలవాటు లేని కన్ను తేడా చెప్పలేదు. కంప్యూటర్‌కు మాత్రం ఇవి నాలుగు వేర్వేరు విషయాలు.

వీటిలో మూడోది, అంటే గీతకు గీతగా ఇచ్చిన సంఖ్య, ఈ వ్యాసానికి అసలు కారణం. చైనా లిపి రాయడం నేర్పేవారు అక్షరాన్ని గీతలుగా విడదీసి చెబుతారు. కలాన్ని కాగితం మీద పెట్టి మళ్లీ ఎత్తేలోగా పడినదంతా ఒక గీత. అడ్డంగా గీస్తే హంగ్, నిలువుగా గీస్తే షు, ఎడమకు దిగజారితే ప్యె, కుడికి ఒత్తుతూ దిగితే నా, చుక్క పెడితే ద్యెన్, మలుపు తిరిగితే జ, చివర కొక్కెంలా లేస్తే గౌ. శాశ్వతమనే అర్థం గల ‘యొంగ్’ అక్షరంలో కుంచె చేయవలసిన ఎనిమిది ప్రాథమిక కదలికలూ ఉన్నాయని, వందల ఏళ్లుగా ఆ ఒక్క అక్షరంతోనే కైవ్రాత సాధన చేయిస్తున్నారు. ఈ గీతల్లో 16ను 2005లో, మరో 20ని 2008లో యూనికోడ్ చేర్చుకుంది. 12736 నుంచి 12771 వరకు వరుసగా ఉన్న ఆ 36 సంఖ్యలకు పెట్టిన పేర్లు చైనీస్ ఉచ్చారణలోని తొలి అక్షరాలే. ‘హెచ్‌జెడ్‌జెడ్‌జెడ్‌జి’ అనే పేరు కనిపిస్తే అడ్డంగా మొదలై, మూడుసార్లు మలుపు తిరిగి, కొక్కెంతో ముగిసే గీత అని అర్థం. అంత ప్రయాణం చేసినా మధ్యలో కలం ఎత్తలేదు కాబట్టి లెక్కలో అది ఒక్క గీతే.

కంప్యూటర్ పనితో పరిచయమున్న మిత్రులకు ఈ విషయం చెప్పినప్పుడల్లా వారు అడిగే ప్రశ్న ఒక్కటే: మూడు డజన్ల గీతలకు సంఖ్యలు ఉన్నప్పుడు, ఆ గీతలను కూర్చి అక్షరాలను నిర్మించుకోకుండా, ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చుకుంటూ తొంభై ఏడు వేలు దాటించడం ఎందుకు? అడగవలసిన ప్రశ్నే. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. ఆ 36 సంఖ్యలను ఏ వరుసలో పేర్చినా తెర మీద గీతలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి తప్ప ఒకదాని మీదికి ఒకటి వచ్చి అక్షరంగా కుదురుకోవు. వాటి ఉద్దేశమే అది కాదు; గీతల గురించి మాట్లాడదలచినవారికి నమూనాలుగా ఇచ్చారు, అంతే. ఇది లోపమనే వాదనతో నేను ఏకీభవించను. గీతలను వర్ణమాలగా మార్చకపోవడమే యూనికోడ్ చేసిన మంచి పని అని, అక్షరం ఉనికి దాని గీతల్లో లేదు కాబట్టే అది సాధ్యపడదని ఇక్కడ చెప్పదలచుకున్నాను.

తెలుగువాళ్లం కనుక ఆ ప్రశ్న మన నోట సహజంగా వస్తుంది. మన లిపి కంప్యూటర్‌లో ముక్కలుగానే ఉంటుంది. ‘క్ష’ అని తెర మీద కనిపించేది లోపల మూడు సంఖ్యలు: క 3093, పొల్లు 3149, ష 3127. వాటిని ఒకటిగా అతికే పని ఫాంటుది, దాన్ని తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్‌ది. అయితే మన ముక్కలు ఏమిటో కొంచెం నిదానంగా చూడాలి. చిన్నప్పుడు బడిలో తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అంటూ వల్లెవేశాం. వీటిలో దీర్ఘానికి సంఖ్య ఉంది, గుడికి ఉంది, కొమ్ముకు ఉంది, తలకట్టుకు లేదు. ‘కు’ అని రాసినప్పుడు తలకట్టు నెత్తిమీద కనిపిస్తూనే ఉంటుంది, కానీ నిల్వ ఉన్నవి క, కొమ్ము అనే రెండు సంఖ్యలే. ‘కి’ అని రాస్తే ఆ తలకట్టు పోయి గుడి వస్తుంది, అయినా క సంఖ్య మారదు. చేతికి తలకట్టు నిజమైన గీత. దాని కోసం కలం ప్రత్యేకంగా కదులుతుంది. కంప్యూటర్ మాత్రం మన కలం కదలికను అనుసరించి విభజించలేదు, మన ధ్వనిని అనుసరించి విభజించింది. కొరియన్ల హంగుల్ లిపిలోనూ ఇదే పద్ధతి. 19 తొలి హల్లులు, 21 అచ్చులు, చివర హల్లు లేకపోవడంతో కలిపి 28 ముగింపులు గుణిస్తే 11,172 అక్షరాలు లెక్కప్రకారం వస్తాయి. అక్కడ కూడా ముక్క అంటే ధ్వనే. చైనా అక్షరంలోని అడ్డగీతకు ధ్వని లేదు, అర్థం లేదు. దానంతట అది ఏమీ చెప్పదు.

పైగా గీతల వరుస తెలిసినంత మాత్రాన అక్షరం తెలియదు. మనిషి అనే అర్థం గల అక్షరం, ప్రవేశించడం అనే అర్థం గలది, ఎనిమిది అనే అంకె, ఈ మూడింటిలోనూ గీతలు రెండే: ముందు ఎడమకు దిగేది, తర్వాత కుడికి దిగేది. మనిషిలో ఆ రెండూ పైన కలుసుకుంటాయి. ప్రవేశించడంలో కుడి గీత ఎడమదాన్ని దాటి పైకి వెళుతుంది. ఎనిమిదిలో రెండూ ఒకదానికొకటి తగలవు. నేలకు, పండితుడికి రాసే అక్షరాలు రెండింటిలోనూ అడ్డం, నిలువు, అడ్డం అనే మూడే గీతలు, వరుస కూడా అదే. కింది అడ్డగీత పొడవుగా ఉంటే నేల, పై అడ్డగీత పొడవుగా ఉంటే పండితుడు. అంటే ఒక్కో గీతకు అది ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో, దేన్ని తాకుతుందో కూడా రాసి పెట్టాలి. అంతా రాసేసరికి అది పాఠంగా మిగలదు, ఇల్లు కట్టే మేస్త్రీకి ఇచ్చే ప్లానులా తయారవుతుంది. ఒకరు కింది గీతను రవ్వంత పొడుగ్గా కొలిస్తే రెండో వ్యక్తి రాసిన అదే మాట వెతుకులాటలో దొరకదు. సూర్యుడు రెండు సంఖ్యలుగా విడిపోతేనే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ప్రతి అక్షరం వందల రకాలుగా విడిపోయే ఏర్పాటులో సూచిక అనే మాటకే అర్థం ఉండదు.

నన్ను పూర్తిగా ఒప్పించిన ఉదాహరణ ఎముక అనే అక్షరం, సంఖ్య 39592. దాని పైభాగంలో ఒక పెట్టె, ఆ పెట్టె లోపల మూలకు చిన్న గది లాంటిది ఉంటాయి. చైనా ప్రధాన భూభాగంలో ఆ గది ఎడమ మూలన, జపాన్, తైవాన్‌లలో కుడి మూలన ఉంటుంది. గది ఎడమన ఉన్నప్పుడు దానికి గీయవలసిన గోడలు పైదీ, కుడిదీ. కలం అడ్డంగా వెళ్లి కిందికి మలుపు తిరిగితే రెండూ ఒకే గీతలో వచ్చేస్తాయి. గది కుడిన ఉన్నప్పుడు గీయవలసినవి ఎడమదీ, పైదీ. వీటిని ఒక గీతగా రాయడం ఆ లిపి సంప్రదాయంలో లేదు, నిలువుది ఒకటి, అడ్డంది ఒకటి విడిగా రాస్తారు. కాబట్టి బీజింగ్‌లో పిల్లవాడు ఎముకను తొమ్మిది గీతలుగా లెక్కపెడితే తోక్యోలో పిల్లవాడు పదిగా లెక్కపెడతాడు. ఇద్దరూ రాసింది ఒకే అక్షరం. ఇద్దరి పుస్తకాలూ ఒకే గ్రంథాలయంలో ఉంటే, ఒకరి మాట వెతికినప్పుడు రెండోవారిదీ దొరకాలి. గీతలే అక్షరమైతే ఇది రెండు అక్షరాలయ్యేది.

ఇలా ఒకే సంఖ్య కింద చైనా, జపాన్, కొరియా రూపాలను కలపడం మీద తొంభైల నుంచి తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయి, ముఖ్యంగా జపాన్‌లో. ఆ అభ్యంతరాల్లో న్యాయం ఉంది. పాఠం ఏ భాషదో చెప్పే సమాచారం దారిలో జారిపోతే, జపాన్ పాఠకుడికి ఎముక అక్షరం చైనా గదితో కనిపిస్తుంది. తన భాషను పరాయి చేతిరాతలో చదువుతున్నట్టుంటుందని అక్కడివారు చెబితే నేను కాదనను. 2014లో వెలువడిన సోర్స్ హాన్ సాన్స్ ఫాంటును దీనికి సమాధానంగా తయారుచేశారు. ఒకే సంఖ్యకు దేశాల వారీగా వేర్వేరు బొమ్మలను అందులో ఉంచి, ఒక ఫాంటు ఫైలులో పట్టే బొమ్మల గరిష్ఠ సంఖ్య 65,535 దాకా వాడుకున్నారు. కానీ ఏ బొమ్మ చూపాలో ఫాంటుకు తెలియాలంటే భాష పేరు చెప్పవలసింది పాఠం రాసినవారు, దాన్ని మోసుకెళ్లే సాఫ్ట్‌వేర్ రాసినవారు. మనలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అశ్రద్ధ చేసే ఆ చిన్న భాషా గుర్తు మీద ఒక జాతి లిపి గౌరవం ఆధారపడి ఉంటుందని నాకు ఆ మాన్యువళ్ల పని చేసేదాకా తోచలేదు.

ముక్కలుగా నిర్మించే పద్ధతికీ ఖర్చు ఉంది, అది మనకు అనుభవమే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర క్రమం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయిదు ముక్కలను తెర మీద ఒకటిగా కూర్చడంలో సాఫ్ట్‌వేర్ తడబడింది. వేల అక్షరాల మాటకు వస్తే, ఒక్కోదానిలో ఇరవై, ముప్పై గీతలు ఉండే లిపిలో ఆ కూర్పు బరువు ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

గీతలతో నిర్మాణం కావాలనేవారి చేతిలో ఉన్న బలమైన వాదన వ్యక్తుల పేర్లు. చైనాలో అరుదైన అక్షరాన్ని పేరుగా పెట్టుకున్నవారికి, అది కంప్యూటర్‌లో లేని కారణంగా బ్యాంకు ఖాతా, విమానం టికెట్టు, గుర్తింపు కార్డు వంటివి పొందడం దశాబ్దాల పాటు కష్టమైంది. కంప్యూటర్లలో వాడే అక్షరాల పట్టికగా 1980లో చైనా పెట్టుకున్న ప్రమాణంలో 6,763 అక్షరాలే ఉండేవి. తాత పెట్టిన పేరు ఆ పట్టికలో లేకపోతే మనిషే లేనట్టు. జపాన్‌లో ‘వతనబె’ ఇంటిపేరులోని రెండో అక్షరాన్ని కుటుంబానికో తీరుగా రాస్తారు, ఆ తేడాను వారు ప్రాణప్రదంగా కాపాడుకుంటారు. గీతలు కూర్చుకునే వీలుంటే ఎవరి అనుమతీ లేకుండా ఎవరి పేరు వారు రాసుకునేవారు కదా అనేది వాదన. ఈ బాధ ముందు సాంకేతిక సమాధానం చెప్పి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా ఆలోచించాలి: పేరు రాసుకోవడం ఒక్కటే చాలదు, బ్యాంకు గుమస్తా టైపు చేసిన పేరు, ఆసుపత్రిలో టైపు చేసిన పేరు, పాస్‌పోర్టులోని పేరు ఒకటేనని కంప్యూటర్ గుర్తించాలి. ముగ్గురు మూడు రకాలుగా గీతలు కూరిస్తే ఆ మనిషి ముగ్గురవుతాడు. కావలసింది పట్టికను త్వరగా నింపడం, నింపినదాన్ని అందరూ తప్పక వాడేలా చేయడం. 2023 ఆగస్టు నుంచి చైనాలో అమలైన ప్రమాణం 87,887 అక్షరాలను గుర్తిస్తూ, ప్రభుత్వ సేవలకు వాడే వ్యవస్థలు వాటికి చోటు ఇచ్చి తీరాలంది. జపాన్‌లో, ఒకే అక్షరపు కుటుంబ భేదాలను చూపడానికి అసలు సంఖ్య పక్కన కనిపించని మరో సంఖ్యను చేర్చే పద్ధతి ఉంది. దాని అధికారిక పట్టిక 2007లో మొదలైంది. మూల సంఖ్య అదే కాబట్టి వెతికితే దొరుకుతుంది, రాస్తే ఇంటివారి రూపమే కనిపిస్తుంది. ఆలస్యమైన మాట నిజం, ఆ ఆలస్యానికి మనుషులు మూల్యం చెల్లించిన మాటా నిజం. కానీ దారి ఇదే.

ఇంతా చెప్పి గీతలను నేను తక్కువ చేస్తున్నానని అనుకోకూడదు. పాఠం లోపల వాటికి చోటు లేదు కానీ పాఠం చుట్టూ అంతటా అవే ఉన్నాయి. 1983లో వాంగ్ యొంగ్‌మిన్ రూపొందించిన వుబీ పద్ధతి పేరుకు అర్థమే అయిదు గీతలు. అడ్డం, నిలువు, ఎడమ వాలు, కుడి వాలు, మలుపు అనే అయిదు వర్గాల ఆధారంగా 25 మీటల మీద అక్షర భాగాలను సర్ది, గరిష్ఠంగా నాలుగు మీటలతో ఏ అక్షరమైనా వచ్చేలా చేశారు. చైనా అక్షరాలు కంప్యూటర్‌కు లొంగవని, లిపినే వదిలేయాలని కొందరు గట్టిగా చెబుతున్న కాలంలో వచ్చిన పద్ధతి అది. మామూలు మీటల ఫోన్లలో ఒకటి నుంచి అయిదు అంకెల మీదే గీతలు ఉండేవి. ఉచ్చారణ తెలియని అక్షరాన్ని కూడా చేతి అలవాటుతో రాసేసేవారు. అలా రాసేటప్పుడు మనిషి, ప్రవేశించడం, ఎనిమిది మూడూ ఒకే మీటలకు వస్తాయి, ఫోను మూడింటినీ చూపిస్తే వాడేవారు ఒకటి ఎంచుకుంటారు. గీతలు పనికొచ్చే తీరు అదే: అవి దారి చూపిస్తాయి, చివరి తీర్పు చదివే మనిషిది. నిఘంటువుల వరుసకు, చేతిరాత గుర్తింపుకు, పిల్లలకు రాత నేర్పే యాప్‌లకు గీతల వివరాలు అవసరం. యూనికోడ్ తన హాన్ (అంటే చైనా లిపి) అక్షరాల సమాచార పట్టికలో గీతల సంఖ్య అనే గడిలో రెండు విలువలకు వీలు కల్పించింది. మొదటిది చైనా లెక్క, రెండోది తైవాన్ లెక్క. కాంజీలు, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాల్లోని గీతల ఆకారాలనూ వరుసనూ కాంజీవీజీ అనే ఉచిత ప్రాజెక్టు అందరికీ అందిస్తోంది. గీతలు ఉండవలసిన చోటు ఇదేనని, దేశాల వారీగా, అందరూ వాడుకునేలా అక్షరం పక్కన ఉంచాలని నా అభిప్రాయం.

గీతలను నమ్మి అక్షరాన్ని మరిచిపోతే ఏమవుతుందో జపాన్‌లోనే ఒకసారి జరిగింది. 1978లో అక్కడి మొదటి కాంజీ ప్రమాణాన్ని తయారుచేసినప్పుడు దేశంలోని ఊళ్ల పేర్లన్నీ రాయడానికి వీలుండాలని స్థలనామాల జాబితాల నుంచి కూడా అక్షరాలు ఏరారు. 6,349 కాంజీలతో ప్రమాణం వెలువడ్డాక, వాటిలో కొన్ని ఎక్కడి నుంచి వచ్చాయో, ఎలా పలకాలో ఎవరికీ తెలియదని తేలింది. వాటికి దయ్యం అక్షరాలని పేరు పడింది. 1997 సవరణ కోసం పాత కాగితాలన్నీ తిరగేసినప్పుడు ఒకదాని గుట్టు బయటపడింది. షిగా ప్రాంతంలో ఒక ఊరి పేరుకు పైన కొండ, కింద స్త్రీ ఉండే అక్షరం కావాలి. అది అచ్చులో దొరకకపోవడంతో కొండను ఒక చోట నుంచి, స్త్రీని ఒక చోట నుంచి కత్తిరించి కాగితం మీద అతికించారు. నకలు తీసినప్పుడు అతుకు దగ్గర కాగితం అంచు నీడ సన్నని అడ్డగీతలా పడింది. చూసి రాసుకున్నవారు దాన్ని కూడా గీతగానే లెక్కపెట్టారు. అలా కొండకూ స్త్రీకీ మధ్య అడ్డంగా, ఏ కుంచే గీయని ఒక గీతతో అక్షరం తయారై, 22939 అనే సంఖ్యతో యూనికోడ్‌లోకి వచ్చింది. అసలు ఊరి అక్షరం ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ పట్టికలో చేరలేదు.

మరొక దయ్యం గుట్టు నేటికీ వీడలేదు. దాని సంఖ్య 24385. ఎడమన విల్లు, కుడిన చైనీస్‌లో అన్న అని అర్థం ఇచ్చే భాగం ఉంటాయి. గీతలు లెక్కపెడితే 13. ఏది ముందు రాయాలో, ఏది తర్వాతో కాంజీ నేర్చుకున్న ఎవరైనా తడుముకోకుండా చెప్పగలరు. అది విల్లు శీర్షిక కిందికి వస్తుందని నిఘంటువుకు తెలుసు. ఒకసారి కేటాయించిన సంఖ్యను వెనక్కి తీసుకోకూడదన్నది యూనికోడ్ నియమం, కాబట్టి జపనీస్ ఫాంటు ఉన్న ప్రతి ఫోనులోనూ, బహుశా మీ చేతిలో ఉన్నదానిలోనూ, దాని బొమ్మ సిద్ధంగా ఉంది. ప్రమాణం తయారుకాక ముందు ఏ పుస్తకంలో, ఏ ఊరి పేరులో, ఏ మనిషి దాన్ని ఏ మాట కోసం రాశాడో సవరణ సంఘం ఎంత వెతికినా ఆధారం దొరకలేదు.